వేడెక్కితే మొరాయించే రంపం

బావమరిది చెప్పిన అబద్ధాన్ని నమ్ముతూనే అతని భార్య కన్నుమూసింది. ఇందులో అతనికి అనుమానమేమీ లేదు. ముప్ఫై ఏళ్లుగా చెట్లెక్కి కొమ్మలు కోసిన మనిషికి చేతిలో సత్తువ పోయిందని, రిపేరు షాపు నడిపే ఆ బావమరిది ఆసుపత్రిలో అక్క మంచం పక్కన కూర్చుని చెప్పాడు. "రంపం మిషను శుభ్రంగా ఉందక్కా. తాడు లాగడానికి బావకే చేతిలో బలం చాలట్లేదు."

ఆమె భర్త వంక జాలిగా చూసింది. కాపురంలో ఎన్నోసార్లు కోప్పడింది, విసుక్కుంది, రోజుల తరబడి మాట్లాడడం మానేసింది. జాలిపడింది మాత్రం ఆ ఒక్కసారే. పది రోజులకు పోయింది.

తప్పు చేతిది కాదని అతనికి తెలుసు. పొద్దున చల్లటి రంపం మిషను రెండో లాగుకే అందుకునేది. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా వెన్న కోసినట్టు కోసేది. పెట్రోలు పోయడానికి ఆపితే చాలు, ఇక ఎంత లాగినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. అరగంట చల్లారాక ఏమీ ఎరగనట్టు మళ్లీ మొదలయ్యేది. షాపుకు మోసుకెళ్లేసరికి దారిలోనే చల్లారేది. బావమరిది ఒక్క లాగు లాగి, "చూశావా బావా?" అనేవాడు. అక్కడున్నవాళ్లు నవ్వేవాళ్లు.

ఆమె పోయాక ఒక మధ్యాహ్నం మిషను మళ్లీ మొరాయిస్తే, పని చేయించే మేస్త్రీ తేల్చేశాడు. "పెద్దాయనా, నీ కోసం లారీ ఎంతసేపని ఆగుతుంది? రేపట్నుంచి చెట్టెక్కకు. కింద కొమ్మలు ఏరుకో."

అతను ఒక దుంగనూ మిషనునూ ఆటోలో వేయించుకుని షాపు ముందు దిగాడు. దుంగను గుమ్మానికి అడ్డంగా పడేసి కోయడం మొదలుపెట్టాడు.

"పిచ్చెక్కిందా బావా? పొట్టంతా నా కార్బొరేటర్లలో పడుతోంది!"

"పడనీ."

ఇంజను బాగా కాగాక ఆపి, బల్ల మీద పెట్టాడు. "లాగు."

"ఇప్పుడు ఖాళీ లేదు బావా."

"ఖాళీ చేసుకో. నా చెయ్యి ఎలాగూ చచ్చింది. నీదైనా బతికుందో లేదో చూద్దాం."

ఆటోవాడికి హుషారొచ్చింది. "లాగవయ్యా, అంత పెద్దమనిషి అడుగుతుంటే!"

బావమరిది పది లాగులు లాగాడు. చొక్కా వీపుకు అంటుకుంది. మిషను పలకలేదు.

"అయ్యో, ఈయన కూడా ముసలాడైపోయాడే!" అన్నాడు ఆటోవాడు.

అతను నవ్వలేదు. ప్లగ్గు విప్పి చూపించాడు. తడిగా ఉంది. "పెట్రోలు వస్తోంది. మరి నిప్పేదిరా?" తీగ ఊడకుండా ప్లగ్గును ఇంజను ఇనుముకు ఆనించి పట్టుకున్నాడు. బావమరిది తాడు లాగాడు. రవ్వ రాలేదు. అతను పైమూత తీసి, గుడ్డ తడిపి, గట్టిగా పిండి, రవ్వ పుట్టించే కాయిల్ మీద కాసేపు అదిమి పట్టాడు. మళ్లీ లాగించాడు. నీలం రవ్వ టక్కుమంది.

"కాయిల్. కాగితే చస్తుంది, చల్లారితే లేస్తుంది. ఇన్నేళ్ల మెకానిక్కువి, ఇది నీకు తెలీదూ?"

బావమరిది స్టూలెక్కి, పై అరలోంచి చిన్న డబ్బా దించాడు. కొత్త కాయిల్. డబ్బా నిండా దుమ్ము. దుమ్ము కింద వాడి చేతిరాతతో 'బావది' అని ఉంది.

"ఎప్పుడు తెచ్చావిది?"

వాడు స్క్రూడ్రైవరు అందుకున్నాడు.

అతను వాణ్ణి బిగించనివ్వలేదు. షాపు విజిటింగు కార్డొకటి తీసి, తిరిగే చక్రం మీది అయస్కాంతానికీ కాయిల్‌కూ మధ్య పెట్టి, సందు సరిచూసి తనే బిగించాడు. దుంగలో మిగిలినదంతా ముక్కలు చేశాడు. మిషను చెయ్యి కాలేంత వేడెక్కాక ఆపి, ఒక్క లాగు లాగాడు. అందుకుంది. మళ్లీ ఆపి, మళ్లీ లాగాడు. అందుకుంది. ఆటోవాడు చప్పట్లు కొట్టి, ఇంకే తమాషా లేదని వెళ్లిపోయాడు.

అప్పుడు బావమరిది మెల్లగా నోరు విప్పాడు. "అక్క ఉన్నప్పుడే తెచ్చాను బావా. తనే బిగించొద్దంది. 'నేను పోయాక ఆయన్ని చెట్టు మీంచి దించేవాళ్లు ఉండర్రా. చెయ్యి పోయిందని నా ముందే చెప్పు. సిగ్గుకైనా దిగుతాడు' అంది. నాతో ఒట్టేయించుకుంది."

అతను మిషను మీది పొట్టు దులిపాడు. పళ్ల సందుల్లోది కూడా గోటితో తీశాడు. చాలాసేపు తీశాడు.

"ఇద్దరూ కలిసే చేశారన్నమాట."

"నీ మంచికే బావా. అక్క ఎంత ఏడ్చిందో నీకు..."

"ఆపు. ఈ మాట ఇక నీ నోట వినబడకూడదు. నా నోట ఎలాగూ రాదు."

"తిట్టు బావా, పోనీ కొట్టు. అక్కను మాత్రం..."

"రాదన్నానా?"

మర్నాడు పొద్దున అతను మేస్త్రీని అడగకుండానే నడుముకు తాడు కట్టుకున్నాడు.

"మిషనుకు ఏమైందట పెద్దాయనా?" అన్నాడు మేస్త్రీ.

"అది తప్ప ఇంకేదైనా అడుగు," అని చెట్టెక్కాడు.