పరుపుకి తెర

రేపల్లెలో దూదేకుల మస్తానమ్మ కుట్టిన పరుపంటే పదేళ్లదాకా చూసుకోనక్కర్లేదు. చిక్కల్లా ఒక్కటే. పడుకున్న మనిషి ఒంట్లో ఎక్కడ తేడా వస్తే పరుపులో సరిగ్గా అక్కడ దూది ఉండ కట్టేది. సుందరరామయ్య మాస్టారికి మోకాళ్ల దగ్గర రెండు ఉండలు, కామేశ్వరమ్మగారికి నడుం దగ్గర ఒకటి. అందులో వింతేముంది? "ఇదేం దూదే మస్తానమ్మా, ఒత్తుకుంటోంది" అంటూ పరుపు తెచ్చి అరుగు మీద పడేసి పోయేవాళ్లు. ఆవిడ కుట్లు విప్పి, దూది మళ్లీ ఏకి, వెన్నలా చేసి ఇచ్చేది. మాస్టారి మోకాళ్ల నొప్పులు మాత్రం మాస్టారి దగ్గరే ఉండేవి. దానికి పరుపేం చేస్తుంది, పాపం!

తొంభై రెండు వేసవిలో బాపట్ల నుంచి చెల్లెలు హుస్సేనమ్మ పరుపు బస్సు టాపు మీద మూడోసారి వచ్చింది. మొగుడూ దూదేకేవాడే గాని, అక్క కుట్టిన పరుపు అక్కే విప్పాలనేది. మొదటిసారి వచ్చినప్పుడు ఉండ కందిగింజంత. రెండోసారి రేక్కాయంత. రెండుసార్లూ మస్తానమ్మ దూది అమ్మినవాణ్ణి నాలుగు తిట్టి, ఏకి పంపేసింది. ఇప్పుడు ఉసిరికాయంత ఉంది. అదే చోట, ఎడమవైపు, రొమ్ము దగ్గర.

కత్తెర కుట్టు మీద పెట్టి, తీసేసింది. లేచింది. చీపురు పట్టుకుంది, పారేసింది. పొయ్యి మీద బియ్యం పెట్టి నీళ్లు పొయ్యడం మరిచింది. ముప్పై నాలుగేళ్ల పిల్ల, ఇద్దరు బిడ్డల తల్లి. దానికేమన్నా అయితే?

రంజానుకి బాపట్ల వెళ్లినప్పుడు చెల్లెల్ని చెవిలో అడిగింది కూడాను. "గట్టిగా తగుల్తోందక్కా. నొప్పి లేదులే" అంది హుస్సేనమ్మ. ఆడవాళ్లకి ఉచిత పరీక్షలని మైకు పెట్టిన ఆటో ఊరంతా తిరిగిందట గాని, రోడ్డు బాలేదని దూదేకుల వీధి మొదట్లోనే వెనక్కి మళ్లిందట. మళ్లకపోయినా ఒరిగేదేం లేదు. "చూసేది మగడాక్టరు. పరాయి మగాడు చెయ్యేసి చూడ్డమా? నా కంఠంలో ప్రాణం ఉండగా జరగదు" అన్నాడు మొగుడు నాగూరు. "నాకే సిగ్గక్కా" అంది ఆ వెర్రిబాగులది.

తెనాలిలో గురువారం గురువారం హైమావతి అనే డాక్టరమ్మ ఆడవాళ్లని చూస్తుందని మస్తానమ్మకి ఎవరో చెప్పారు. మనిషి రానంటుంది సరే, పరుపు రానంటుందా? చుట్టి, తాడేసి కట్టి, తెనాలి బండెక్కించింది. దారి పొడుగునా కూర్చోలేకపోయింది. వేమూరు రాకముందే తలుపు దగ్గర నిలబడింది.

నర్సు రూతు చీటీ పుస్తకం తీసింది. "పేరేంటి?"

"హుస్సేనమ్మ."

"మనిషేదీ?"

"మనిషి రాదమ్మా. పరుపొచ్చింది."

రూతు పేరు రాసుకుంది. పరుపుని బల్ల మీద పరిచి, కాంపౌండరుని బయటికి పంపి, తెర లాగింది. డాక్టరమ్మ చేతులు కడుక్కొచ్చి, మూడు వేళ్లతో చుట్టూ గుండ్రంగా ఒత్తి చూసింది. చంక దగ్గర మరీ ఆగి చూసింది.

"చంకలోకి పాకినట్టు లేదు. ఎన్నాళ్లయింది?"

"ఏడాదమ్మా. రెండుసార్లు ఏకిచ్చాను."

డాక్టరమ్మ తలెత్తింది. "ఏకిచ్చావా? పరుపులో పోయింది, ఆ పిల్లలో పోయిందా? అది చెబుతుంటే నోరు నొక్కావు కదమ్మా!"

మస్తానమ్మ గోడకి జారగిలబడి గొల్లుమంది. "నా చేతులు పడిపోనూ! మెత్తగా ఉండాలనే చేశానమ్మా, దాని మంచికే చేశాను."

"ఏడిస్తే లాభం లేదు. పరుపుని ఎన్నిసార్లయినా చూస్తాను. కత్తి మాత్రం మనిషికే పెట్టాలి. వచ్చే గురువారం దాటిందా, నా చేతుల్లో లేదు."

మస్తానమ్మ ఇంటికి పోలేదు. పరుపుతో సహా అటునుంచటే బాపట్ల వెళ్లింది. నాగూరు వసారాలో దూది ఏకుతున్నాడు.

"ఏంటి వదినా, అట్లానే తెచ్చావు?"

"నా వల్ల కాలా. నువ్వే ఏకు నాయనా."

"ఓస్, ఇంతేనా!" అని కుట్లు విప్పి, ఆ దూదిని ఏకే విల్లు కింద పెట్టి కొట్టాడు. నారి టంగున తెగింది. ముడేసి మళ్లీ కొట్టాడు. మళ్లీ తెగింది. చిరాకుపడి ఉండని వేళ్లతో పట్టుకున్నాడు. పీకాడు, నలిపాడు. ఇరవై ఏళ్లుగా ఆ వేళ్లకి విడివడని దూది లేదు. ఇది విడలేదు.

"ఇది దూది కాదు వదినా."

"కాదయ్యా. తెనాలి డాక్టరుకి చూపించాను. గురువారం దాటకుండా మనిషిని తెమ్మన్నారు."

గుమ్మంలో హుస్సేనమ్మ ఎడమవైపు పైట బిగించి పట్టుకుని నిలబడి ఉంది. నాగూరు ఆవిడ వంక చూశాడు. ఉండని కింద పెట్టాడు.

"ఆ తెనాలి డాక్టరు ఆడమనిషేనా?"

"ఆడమనిషే."

"తలుపేస్తుందా?"

"పరుపుకే తెర వేసిందిరా అబ్బాయ్, నీ పెళ్లానికి వెయ్యదా!"

గురువారం ముగ్గురూ తెనాలి వెళ్లారు. ఆ నెల్లోనే గుంటూరులో ఆపరేషనైంది. ఎడమ రొమ్ము తీసేశారు. తీసేశాక హుస్సేనమ్మ రెండ్రోజులు ఎవరి మొహం చూడలేదు, గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చింది. మందులు నడిచాయి, జుట్టు ఊడింది, మళ్లీ వచ్చింది. వీధిలోని ఆడవాళ్లు ఒకరొకరే వచ్చి, తలుపు దగ్గరగా వేసి, ఎట్లా చూస్తారని అడిగి వెళ్లారు. తర్వాత తొమ్మిదిమంది కలిసి తెనాలి బండెక్కారు. పరుపులు ఇళ్ల దగ్గరే ఉన్నాయి.

మరుసటేడు వానలు వెనకబట్టాక ఒక రోజు నాగూరు పరుపు ఎండేస్తూ ఆగిపోయాడు. ఎడమవైపు, చెయ్యి పట్టేంత గుంట పడి ఉంది. లోపలికెళ్లి గుప్పెడు కొత్త దూది, సూది తెచ్చుకున్నాడు.

హుస్సేనమ్మ వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"నింపకయ్యా. ఉన్నది ఉన్నట్టు చెప్పనియ్యి దాన్ని."

నాగూరు దూది పక్కన పెట్టేశాడు. కళ్లు తుడుచుకుని, ఆ గుంట చెదరకుండా చుట్టూ గట్టిగా కుట్లు వేశాడు.