బల్ల చివర పాలడబ్బా

ఓడ రాలేదు. రేవు బయట ఓడలు బారులు తీరి నిలబడి ఉన్నాయనీ, ముందు సిమెంటు దించుకుంటున్నారనీ పక్కింటి వజీరున్నీసా చెప్పింది. ఆయిలు డబ్బు వచ్చిపడ్డాక దోహాలో మేడల మీద మేడలు లేస్తున్నాయి. పసిపిల్లల పాలపొడి మాత్రం సముద్రంలోనే ఆగిపోయింది.

అరుంధతికి మేడల గొడవ ఎందుకు? జ్వరంతో ఆమె పాలు ఇంకిపోయాయి. చంటివాడికి ఆ ఒక్క రకం పొడే పడుతుంది. వేరేది పట్టిస్తే గుటక దిగీదిగకముందే కక్కేస్తాడు. పొద్దున డబ్బా అడుగు గీకి పట్టింది. భర్త కృష్ణప్రసాద్ సముద్రం మీద ఆయిలు తోడే రిగ్గులో డ్యూటీకి వెళ్ళాడు. వచ్చే వారానికి గాని రాడు.

పిల్లాణ్ణి భుజాన వేసుకుని వీధి చివర రఫీక్ కొట్టుకి నడిచింది. లాంతరు గాజులు, చేపల వలలు, ఎండు నిమ్మకాయలు, బియ్యం మూటలు, అన్నీ ఆ ఒక్క గదిలోనే. కార్లలో వచ్చేవాళ్ళు దిగరు, హారన్ కొడతారు. రఫీక్ తమ్ముడు జహాంగీర్ పరుగెత్తి అడిగొచ్చి, సరుకు కిటికీలోంచి అందిస్తాడు. కార్లకి పోయే సరుకు బల్ల చివర ఉంటుంది. నడిచొచ్చిన వాళ్ళకి రఫీక్ చేతికే ఇస్తాడు. అది ఆ కొట్టు పద్ధతి.

నిజామాబాదు మనిషి రఫీక్. ఆమెను చూడగానే లోపలి నుంచి డబ్బా తీశాడు.

"నీ కోసమే దాసిన బిడ్డా. గిదొక్కటే మిగిలింది."

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఉప్పు కూడా అడిగింది. రఫీక్ ఉప్పు పొట్లం డబ్బా మీద పెట్టి, రెండూ కలిపి చాచాడు. అరుంధతి చెయ్యి దానంతటదే వెనక్కి పోయింది. ఉప్పు చేతికి చెయ్యి మారితే తగువులొస్తాయని పుట్టినప్పటి నుంచీ విన్నది.

"ఉప్పు చేతికివ్వకండి భాయ్. అక్కడ పెట్టండి."

"దోహా దాకా తెచ్చుకున్నవా గీ పట్టింపు? మా అమ్మీ గూడ గిట్లనే," అని నవ్వి, రెండూ బల్ల చివర పెట్టి, ఇంకెవరికో మూట దించడానికి అటు తిరిగాడు.

పిల్లాడు జారుతుంటే ఆమె అటు తిరిగి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. బయట హారన్ మోగింది. జహాంగీర్ వెళ్ళొచ్చి, పాలపొడేనట అనుకుంటూ ఆ డబ్బా అందుకుని పోయాడు. ఆమె ఇటు తిరిగేసరికి బల్ల మీద ఉప్పు పొట్లం ఒక్కటే ఉంది.

గుమ్మంలోకి పరుగెత్తింది. అప్పటికే దుమ్ము తప్ప కారు లేదు.

"బల్ల చివరే ఉండె గద భాయ్," అన్నాడు జహాంగీర్. ఎవరి కారని రఫీక్ గద్దిస్తే, తెల్ల కారన్నాడు. ఆ ఊళ్ళో సగం కార్లు తెల్లవే. వేరే కొట్లలో నిన్ననే అడిగాననీ, ఎక్కడా లేదనీ రఫీక్ తలొంచుకుని చెప్పాడు. ఆమెకి ఎవర్ని తిట్టాలో తెలియలేదు. పెట్టమన్నది తనే.

ఇంటికొచ్చి గంజి కాచి, ఆ ఉప్పే చిటికెడు వేసింది. పిల్లాడు రెండు చెంచాలు చప్పరించి మొహం తిప్పుకుని ఏడుపు లంకించుకున్నాడు.

వీధిలో హారన్ వినబడింది. డబ్బా వెనక్కి ఇచ్చేందుకు వచ్చారేమోనని పిల్లాడితో సహా కిటికీకి ఉరికింది.

కొట్టు ముందు తెల్ల కారే. జహాంగీర్ ఎదురు పరుగెత్తి, సిగరెట్టు పెట్టె అందించాడు. కారు వెళ్ళిపోయింది.