అరగని అంచు

ఎర్ర రేసు మోటర్‌సైకిల్ కొన్నరోజు షోరూంలో వెర్తెర్ జోఫోలిని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "ట్రాక్ మీద నడిపే అలవాటుందా సార్? ఇది బాగా చెయ్యి తిరిగినవాళ్ళ బండి." వెర్తెర్ కళ్ళజోడు సర్దుకుని, "ఎప్పట్నుంచో" అన్నాడు. నిజానికి అతనికి చెయ్యి తిరిగింది బాత్రూమ్ టైల్స్ అమ్మడంలో.

బండికి రెండువందల గుర్రాల బలం ఉంది. ఆదివారం పూట బార్ దాకా వెళ్ళి రావడానికి వాటిలో పది గుర్రాలు చాలు, మిగతావి హాయిగా నిద్రపోయేవి. సీటు ఎత్తు, హ్యాండిల్ కిందికి. బార్ ముందు దిగేసరికి వెర్తెర్ నడుము పట్టేసి, సగం వంగే లోపలికి వచ్చేవాడు. దాన్ని జనం అపార్థం చేసుకోకుండా, "స్పీడులో గాలి ఒత్తిడి" అని చెప్పేవాడు.

అయితే ఇటలీలో ఈ రొమాన్యా ప్రాంతం జనాన్ని మాటలతో పడెయ్యడం కష్టం. ఆ ఊళ్ళో ఎవరు ఏ పార్టీ, ఎవరి పెళ్ళాం ఎవరితో మాట్లాడటం లేదు అన్నవి తర్వాత సంగతులు. ముందు టైరు అంచు చూస్తారు. మలుపుల్లో బండిని నేలకి వాల్చి నడిపేవాడి టైరు చివరిదాకా అరుగుతుంది. బెదురుతూ నిటారుగా నడిపేవాడి టైరు నడుమ మాత్రమే అరిగి, అంచులు కొత్తగా నిగనిగలాడుతూ ఉంటాయి. బార్ ముందు కొత్త బండి ఆగగానే నలుగురు పెద్దమనుషులు కాఫీ కప్పులతో సహా దాని వెనకాల గొంతుక్కూచుంటారు. వెర్తెర్ బండి వెనక కూచున్నవాళ్ళు ఏమీ అనకుండా లేచారు. అలా లేవడమే పెద్ద తిట్టు.

అనాల్సిన మాట మామగారు లెయార్కో అన్నాడు. "దీనికింకా పుట్టు వెంట్రుకలు కూడా తియ్యలేదు. ఏం బాత్రూముల దొరా, దీన్ని చర్చికి తీసుకెళ్ళి జ్ఞానస్నానం చేయించకపోయావా?"

లెయార్కోకి ఎనభై దాటాయి. ఒకప్పుడు సముద్రం ఒడ్డు వీధుల్లో బండి పందేల్లో పాల్గొన్నాడు. ఆయన తోలు సూటు ఆ బార్ గోడకి ఇప్పటికీ వేలాడుతోంది. కుడి భుజం మీద తోలు చీరుకుపోయి ఉంటుంది. పందెంలో మహా వేగంగా వెళ్తూ పడి, లేచి, రక్తం కారుతూ బండెక్కి పందెం పూర్తిచేశాడట. ఏటా ఆ కథ చెప్తాడు, ఏటా ఆ స్పీడు కాస్త పెరుగుతుంది. కిందటేడు గంటకి రెండువందల కిలోమీటర్లకి చేరింది. ఆ సూటు కింద బల్ల దగ్గర బండివాళ్ళే కూచోవాలి. ఆయన కూతురు నీవెస్‌ని పెళ్ళాడి ఇరవై ఏళ్ళయినా వెర్తెర్‌కి ఆ బల్ల దగ్గర కుర్చీ దొరకలేదు. మామగారి నోట అతని పేరు కూడా ఎప్పుడూ రాలేదు. ఎప్పుడూ బాత్రూముల దొరే.

వసంతంలో బార్ వాళ్ళంతా ఒకరోజు ట్రాక్ అద్దెకి తీసుకుంటారు. మూడు గుంపులు: ఎరుపు గుంపు అసలైన వాళ్ళది, పసుపు నడిమి రకం, తెలుపు గుంపు పెళ్ళాల్ని ఊరుకోబెట్టడానికి వచ్చేవాళ్ళది. ఎవరు ఏ గుంపో లెయార్కో తేలుస్తాడు. టైరు చూస్తాడు, మోకాలి బిళ్ళ చూస్తాడు, అంతే. బండిని బాగా వాల్చినప్పుడు మోకాలు రోడ్డుకి రాసుకుంటుంది కదా, అందుకని సూటుకి అతికించే ప్లాస్టిక్ బిళ్ళ అది. అది అరిగితే పరువు, అరగకపోతే నవ్వులపాలు.

వెర్తెర్ తలుపేసుకుని గ్యారేజీలో టైరు అంచులకి గరుకు కాయితం పట్టాడు. అది సులువుగానే అయిపోయింది. బిళ్ళలే మొండికేశాయి. ఆకురాయి పెడితే నున్నగా తేలుతున్నాయి. చివరికి వంటింట్లోంచి చీజ్ తురిమే పలక ఎత్తుకొచ్చాడు. అది అత్తగారి హయాం నాటిది, పోయేముందు కూతురికిచ్చి పోయింది. దాని పళ్ళలో ఒకటి వంకర. ఏది తురిమినా ఒక గీత దారి తప్పి పక్కకి పోతుంది. వెర్తెర్ రెండు బిళ్ళల్నీ చెమటలు పట్టేదాకా తురిమి, పలక గబగబా దులిపి యథాస్థానంలో పెట్టేశాడు.

ఆదివారం భోజనానికి మామగారు వచ్చాడు. పులుసులో కాపెల్లెట్టి అనే చిన్న కజ్జికాయల్లాంటి ముద్దలు, పైన కొండంత చీజ్. నీవెస్ గరిటె ఆపి చూసింది.

"చీజ్‌లో ఈ నల్ల నలుసులేంటి?"

"మిరియాలు" అన్నాడు వెర్తెర్.

"మా అమ్మ కాపెల్లెట్టిలో మిరియాలెవడేశాడు?"

"నేనే. రుచికి."

"నువ్వా? ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పు చూద్దాం!"

లెయార్కో ఒక నలుసు నాలుక మీంచి తీసి, కిటికీ వెలుతురులో తిప్పి చూసి, పళ్ళెం అంచున పెట్టాడు. తర్వాత ఇంకో గరిటె వేయించుకున్నాడు.

ఆ సాయంత్రం బార్ ముందు ఆయన వెర్తెర్ బండి చుట్టూ నెమ్మదిగా తిరిగాడు. అతని సూటు మోకాలి బిళ్ళ మీద బొటనవేలితో రాశాడు.

"ఎరుపు" అన్నాడు.

వెర్తెర్‌కి కాళ్ళు నేలమీద ఆనలేదు. ఎవరో వీపు తట్టారు, ఎవరో సాంజోవేసే వైను గ్లాసు చేతికిచ్చారు. ఆ రాత్రి పడుకున్నాక గానీ అతని బుర్రకి ఎక్కలేదు: ఎరుపు అంటే నిజంగానే తను ఆ బండిని నడపాలి.

ట్రాక్ రోజున ఎర్ర గుంపు గేటు ముందు వరసలో నిలబడింది. ముందూ వెనకా ఇంజన్లు పులుల్లా గుర్రుమంటున్నాయి. హెల్మెట్ లోపల వెర్తెర్‌కి తన ఊపిరి తనకే వినబడుతోంది. చేతులు వణుకుతున్నాయి. అతనికి చచ్చేంత భయం వేసింది, భయపడ్డానని చెప్పడానికి అంతకన్నా భయం వేసింది. గేటు తెరిస్తే వెళ్ళాలి. మొదటి మలుపు దాకా ఎంత దూరమో కళ్ళకి కనబడుతూనే ఉంది.

లెయార్కో కర్ర పొడుచుకుంటూ వచ్చి, పక్కన వంగి, మళ్ళీ మోకాలి బిళ్ళ తడిమాడు.

"ఇది మా ఆవిడ పలక" అన్నాడు మెల్లగా. "ఇదుగో వంకర పన్ను గీసిన గీత."

వెర్తెర్ హెల్మెట్ అద్దం ఎత్తాడు. "తెలిసి కూడా ఎరుపులో ఎందుకేశారు మామయ్యా?"

"నీ అంతట నువ్వే దిగుతావేమోనని చూశా. గేటు దాకా వచ్చావ్! నాకున్నది ఒక్కతే కూతురయ్యా. దిగు."

"అందరూ చూస్తున్నారు."

"చూడనీ. ఇవాళయితే ఒక్క పూట నవ్వుతారు." ముసలాయన గొంతు తగ్గించాడు. "ఇవాళ దిగకపోతే జన్మంతా దిగలేవు. నా మాట విను."

గేటు తెరుచుకుంది. ముందు బండ్లు తూటాల్లా వెళ్ళిపోయాయి. వెనకవాళ్ళు హారన్లు కొట్టారు. వెర్తెర్ ఇంజన్ ఆపి, కిందికి దిగి, అంతమంది కళ్ళెదుట రెండువందల గుర్రాల్ని చేత్తో తోసుకుంటూ తెల్ల గుంపు దగ్గరికి నడిచాడు. తెల్ల గుంపులో నోటరీగారి భార్య ఉంది, చర్చి ఫాదర్ యాదెర్ ఉన్నాడు. మధ్యాహ్నం దాకా ఇద్దరూ వెర్తెర్‌ని చెరో నాలుగుసార్లు దాటేశారు.

సాయంత్రం బార్‌లో విందు. పియాదీనా రొట్టెలు వేడివేడిగా వస్తున్నాయి. బార్ వాళ్ళు మాత్రం నమలడానికి వెర్తెర్‌ని ఎంచుకున్నారు.

"ఒరేయ్, ఫాదర్ దాటుతూ నీకు చివరి ప్రార్థన కూడా చదివాడటగా!"

"ఆ బండి నాకమ్మెయ్యి, నీకు దుకాణంలో టాయిలెట్ సీటు చాలు. దానికీ హ్యాండిల్ ఉంటుంది!"

వెర్తెర్ కూడా నవ్వాడు. దాక్కోడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి నవ్వు సులువుగానే వచ్చింది. ఆరోజు జనం ఎక్కువై, ఖాళీ కుర్చీ ఆ పెద్ద బల్ల దగ్గరే దొరికింది. సరిగ్గా లెయార్కో సూటు కిందే. తల ఎత్తితే చీరుకుపోయిన భుజం జానెడు దూరంలో ఉంది.

తోలు మీద గీతలన్నీ ఒకే వరసన ఉన్నాయి. ఒక్క గీత మాత్రం దారి తప్పి పక్కకి పోయింది.

వెర్తెర్ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. అనుమానం లేదు. అది రోడ్డు గీసింది కాదు, అత్తగారి వంటింటి పలక గీసింది. లెయార్కో పడనే లేదు. వెర్తెర్‌కి ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఏళ్ళపాటు తనని బాత్రూముల దొరని చేసి ఆడించింది ఈ మనిషా? ఒక్క మాట చాలు, ఇప్పుడే, ఇక్కడే. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

ఎదురుగా లెయార్కో గ్లాసు ఎత్తకుండా అతన్నే చూస్తున్నాడు. అల్లుడి చూపు ఎక్కడ ఆగిందో ఆయన చూశాడు. గ్లాసు చుట్టూ ఆ ముసలి వేళ్ళు వణుకుతున్నాయి. పొద్దున గేటు దగ్గర వణికిన తన చేతులు వెర్తెర్‌కి గుర్తొచ్చాయి. కోపం ఎటు పోయిందో పోయింది. మిగిలిందల్లా జాలి.

"మామయ్యా" అన్నాడు, "ఆరోజు మీరు పడ్డ సంగతి చెప్పండి. నేనెప్పుడూ దగ్గర కూచుని వినలేదు."

"చెప్పు లెయార్కో, రెండువందల పైచిలుకు స్పీడు కదా!" అని అరిచారు ఎవరో.

లెయార్కో గ్లాసు పక్కకి జరిపాడు. "అంత లేదులే" అన్నాడు. "అందులో సగం ఉంటుందేమో. అది కూడా గట్టిగా చెప్పలేను. జనం పెంచేశారు."

బార్ చప్పట్లతో మోగిపోయింది. ఎంత నిగర్వి, అన్నారు. అసలైన వీరుడంటే ఈయన, అన్నారు. ఒకడికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లెయార్కో మాత్రం ఎవరివైపూ చూడకుండా, తురిమిన చీజ్ గిన్నెని బల్ల మీదుగా అల్లుడివైపు జరిపాడు.

"వేసుకో వెర్తెర్" అన్నాడు. "మిరియాల్లేవులే."