ఆదివారం కళ్ళజోడు

కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేములో బిగించేవాణ్ణి ఎవరూ డాక్టరు అనరు. నాయనమ్మ మాత్రం అనేది. మనవడు ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ వాడు ఆవిడకి "మా కళ్ళ డాక్టరు". పాలవాడితో అలాగే చెప్పింది, పక్కింటివాళ్ళతో అలాగే చెప్పింది, ఆఖరికి తన కళ్ళు పరీక్ష చేసిన అసలు డాక్టరుతో కూడా అలాగే చెప్పింది. ఆయన పెద్దమనిషి కాబట్టి నవ్వి ఊరుకున్నాడు. కాకిపిల్ల కాకికి ముద్దు మరి.

ఆ డాక్టరు రాసిచ్చిన చీటీతోనే మనవడు తన చేతులతో మొట్టమొదటి కళ్ళజోడు తయారు చేశాడు. నాలుగేళ్ళ కిందటి మాట అది. ఇప్పుడు నాయనమ్మ పోయి మూడు వారాలైంది. చివరిదాకా ఆవిడని దగ్గరుండి చూసుకున్న మేనత్త ఆ కళ్ళజోడు తెచ్చి, "నువ్వు చేసిందే కదరా, నీ దగ్గరే ఉండనీ" అని వాడి చేతిలో పెట్టింది.

ఒక మధ్యాహ్నం షాపులో బేరాలు లేవు. వాడు ఆ కళ్ళజోడు తీసి మెత్తటి గుడ్డతో తుడిచాడు. వదులైన మర బిగించాడు. చేతికున్న అలవాటు ఊరుకోనివ్వదు కదా, పవరు చూసే మిషను మీద పెట్టాడు. కుడి అద్దం నాలుగు చూపించింది, ఎడమది ఒకటి. నాయనమ్మ చీటీ వాడికి కంఠతా వచ్చు. కుడి కంటికి ఒకటి, ఎడమ కంటికి నాలుగు. తీసి మళ్ళీ పెట్టాడు. మిషను మాట మార్చలేదు.

కొత్తవాళ్ళు చేసే తప్పే అది. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని కొలతలు తీస్తే, మన కుడిచేతి వైపు ఉండేది వాళ్ళ ఎడమ కన్ను. ఆ ఒక్క ముక్కా మరిచిపోయి రెండు అద్దాలూ తారుమారు చేశాడు.

అన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ప్రతి ఆదివారం తను వెళ్ళినప్పుడు నాయనమ్మ గ్లాసులో పోయాల్సిన నీళ్ళు బల్ల మీద పోసేది. బుగ్గ నిమరబోయి ముక్కు పట్టుకునేది. "ముసలిదానివైపోయావు నాయనమ్మా" అని తను పగలబడి నవ్వేవాడు. ఆవిడా నవ్వేది. ఇప్పుడు ఆ నవ్వులు తలుచుకుంటే తన చెంపలు తనే వాయించుకోవాలనిపించింది. నాలుగేళ్ళపాటు ఆవిడని మసకలో ఉంచి, పైగా వేళాకోళం కూడానూ. తప్పయిపోయిందని చెప్పుకోవడానికి ఇప్పుడు ఆవిడ ఉంటేగా.

ఆదివారం మేనత్త దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. చెప్పాలనుకున్నది మూడుసార్లు మింగి నాలుగోసారికి కక్కాడు. అద్దాలు తారుమారు చేశాననీ, నాయనమ్మకి నాలుగేళ్ళు చూపు లేకుండా చేశాననీ. మేనత్త దుప్పటి కొసలు కలుపుతూనే, తెలుసంది. లేచి వెళ్ళి కుట్టుసామాను పెట్టెలోంచి ఇంకో కళ్ళజోడు తెచ్చి వాడి ముందు పెట్టింది. లావుపాటి నల్ల ఫ్రేము, చూడ్డానికి ఏమీ బాగాలేదు. దాని డబ్బా మీద వాడి షాపుకి సరిగ్గా ఎదురుగా ఉన్న షాపు పేరుంది.

దుఃఖంలో ఉన్నా మనిషికి పౌరుషం చావదు. పోయిపోయి వాళ్ళ దగ్గర చేయించుకుందా అని అడిగాడు.

వాడు చేసిన జోడు పెట్టుకున్న మర్నాడే నాయనమ్మ గడప తన్నుకుని పడబోయిందట. అదే చీటీ పట్టుకుని, మనవడు భోజనానికి వెళ్ళే వేళ కనిపెట్టి, గొడుగు చాటున దొంగలా ఎదురు షాపులోకి దూరిందట. వాడికే చెబితే సరిచేసి ఇస్తాడు కదా అని మేనత్త ఎంత పోరినా వినలేదట.

"మొదటి పనికే వంక పెడితే వాడి చెయ్యి వణుకుతుందే, ఇక జన్మలో కుదురుకోదు అంది. నువ్వొచ్చే రోజు మాత్రం నీ జోడే. వీధిలో నీ బండి చప్పుడు వినగానే మార్చేసేది."

నిజానికి వాడికి ఊరట కలగాలి. వారంలో ఆరు రోజులు ఆవిడకి లోకం బాగానే కనిపించింది. కానీ వాడి మనసు అక్కడ ఆగలేదు. ఆవిడ అందరినీ చూసింది, పాలవాణ్ణి కూడా చూసింది, తననొక్కణ్ణే చూడలేదు.

"అంటే నా మొహం మాత్రం సరిగ్గా చూడనే లేదన్నమాట" అన్నాడు.

మేనత్త మడతపెట్టడం ఆపింది.

"నువ్వు తిన్నాక కుర్చీలోనే కునుకు తీసేవాడివి కదరా. అప్పుడు ఈ నల్లది పెట్టుకుని నీ ఎదురుగా కూర్చునేది. నువ్వు కదిలేదాకా అలా చూస్తూనే ఉండేది. మొన్నామధ్య నన్ను పిలిచి, వీడికి అప్పుడే చెవి దగ్గర రెండు తెల్ల వెంట్రుకలొచ్చాయే, చెప్పకు, బాధపడతాడు అంది."

వాడి చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళింది. ఆ వెంట్రుకల సంగతి అప్పటిదాకా వాడికే తెలియదు. మడతపెట్టిన బట్టల పక్కనే కూలబడి, మేనత్త ఒళ్ళో తల పెట్టుకుని, సిగ్గు విడిచి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.