ఖాళీ వ్యాగన్‌లో తిమింగలం

రేచల్ ఉదయం ఆరింటికి డ్యూటీ ఎక్కేది. రాయ్‌పూర్ పక్కన మందిర్ హసౌద్ దగ్గర ఒక గూడ్స్ యార్డుకి ఆమె స్టేషన్ మాస్టరు. రాగానే బయల్దేరే డ్రైవర్లకి కాషన్ ఆర్డర్లు రాసివ్వాలి. ఎక్కడ పట్టాలు బాగుచేస్తున్నారో, ఏ అడవిలో ఏనుగులు దాటుతున్నాయో, అక్కడ బండి ఎంత నెమ్మదిగా పోవాలో ఆ కాగితంలో ఉంటుంది. డ్రైవరు సంతకం పెట్టి తీసుకుంటాడు.

రెండు వేల పంతొమ్మిదిలో, విశాఖ రేవులో ఉక్కు దించి తిరిగొచ్చే ఖాళీ వ్యాగన్లలో చచ్చిన తిమింగలాలు రావడం మొదలైంది. ఎలా వచ్చాయని ఎవరూ అడగలేదు. "మేడమ్, ఫిర్ ఆ గయా," మళ్లీ వచ్చిందని, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ వీరేంద్ర ముక్కుకి గుడ్డ కట్టుకుని వచ్చి చెప్పేవాడు. రేచల్ ఫోన్ చేస్తే జేసీబీ వచ్చి, యార్డు వెనక బీడులో గొయ్యి తీసి పూడ్చేది. వాసన భరించలేకపోతున్నామని కాలనీ వాళ్లు ఒకసారి అర్జీ పెట్టారు. అంతే.

మూడోది వచ్చినరోజు ఆమె మేనమామ మోషే నిచ్చెనెక్కి చూశాడు. ఆయన ఆ యార్డులోనే వ్యాగన్లు బాగుచేసే మేస్త్రీ. కుర్రతనంలో భీమిలిలో పడవ మీద వేటకెళ్లినవాడు. చాలాసేపు కిందికి దిగలేదు. దాని వీపు మీద కత్తిపీటతో తరిగినట్టు వరసగా గాట్లున్నాయి.

"జబ్బుసేసి సచ్చింది కాదే అమ్మా. ఓడ అడుగునున్న పంకా నరికీసింది," అన్నాడు. "ఊపిరికని పైకొస్తాది గదా. రేవు దగ్గిర ఓడలు నెమ్మదిగా పోతే పక్కకి తప్పుకుంటాది. ఈళ్లు తగ్గితేగా!"

"నెమ్మదంటే ఎంత మావయ్యా?"

"ఓడ లెక్కలో పది నాట్లు. మనోడు సైకిలు తొక్కినంత."

రేచల్‌కి ఒళ్లు మండిపోయింది. ఏనుగు కోసం బొగ్గుబండి నెమ్మదిస్తుంది. వీటికోసం ఒక్క కాగితం రాసే చెయ్యి లేదా?

డ్యూటీ దిగి అదే యూనిఫామ్‌లో రాయ్‌పూర్ వెళ్లింది, ఆ వ్యాగన్లు నింపే ఉక్కు కంపెనీ ఆఫీసుకి. ఓడలు కుదిర్చే మేనేజరు మురళీమోహన్ రాజమండ్రి మనిషి. తెలుగు వినేసరికి సంబరంగా కుర్చీ చూపించాడు. రేచల్ కూర్చోలేదు.

"రేవు దగ్గర నెమ్మదిగా పొమ్మని మీ ఓడలకి ఒక్క మెయిలు పెట్టండి."

"కెప్టెన్లు నా మాట వింటారా మేడమ్?"

"తొందరగా రమ్మంటే వింటున్నారుగా!"

ఆయన నవ్వాడు. "ఆలస్యమైతే రేవులో మా బెర్తు ఇంకో ఓడకి పోతుందండీ. అయినా సముద్రం ఇక్కణ్ణుంచి ఐదొందల కిలోమీటర్లు. మనకెందుకు చెప్పండి?"

"ఆ ఐదొందల కిలోమీటర్లూ శవం వచ్చిందిగా! దానికి లేని దూరం మీకెక్కడిది?"

ఆయన గడియారం చూసుకున్నాడు. మర్నాడు ఆమె పైఅధికారికి ఫిర్యాదు వెళ్లింది.

రెండు వారాల తర్వాత వీరేంద్ర గుడ్డ కట్టుకోకుండా పరుగెత్తుకొచ్చాడు. "మేడమ్, జిందా హై!"

అది పిల్ల. పక్కటెముకల దగ్గర చీరుకుపోయింది, అయినా ఊపిరి తీస్తోంది. మోషే గోనెలు తడిపి కప్పాడు. వీరేంద్ర బోరు పైపు లాక్కొచ్చాడు. లోడింగ్ ఆగిపోయిందని రేచల్ ఫోన్ చేస్తే మురళీమోహన్ విసుక్కుంటూ వచ్చి నిచ్చెనెక్కాడు.

"జేసీబీని పిలవండి. పదింటికల్లా లోడింగ్ మొదలవ్వాలి," అన్నాడు.

సరిగ్గా అప్పుడే అది నెత్తి మీది రంధ్రంలోంచి ఊపిరి చిమ్మింది. ఆయన చొక్కా, కళ్లజోడు, నోరు అన్నీ ఉప్పునీటితో తడిసిపోయాయి. కళ్లజోడు తీసి చూశాడు. దాని కన్ను ఆయన్నే చూస్తోంది. ఆయన అంచు దాటి వ్యాగన్‌లోకి వెళ్లి, చెయ్యి చాచి వీరేంద్ర దగ్గర పైపు తీసుకున్నాడు.

రేచల్ బండ్లు నడిపించే కంట్రోల్ ఆఫీసుకి ఫోన్ చేసి, ఆ బండిని ఖాళీగానే విశాఖకి తిప్పి పంపుతున్నానని చెప్పింది. అవతల అరుపులు. పెట్టేసింది. ఇంజన్ రెండో కొసకి మార్పించి డ్రైవరుకి కాషన్ ఆర్డర్ రాసిచ్చింది: "బండిలో ప్రాణి ఉంది. కుదుపు కూడదు." డ్రైవరు చదివి సంతకం పెట్టాడు.

"నేను దిగిపోవాలి మేడమ్," అన్నాడు మురళీమోహన్. పైపు మాత్రం వదల్లేదు.

"దిగండి! దిగి పోయి ఏసీలో కూర్చోండి, అది చచ్చేదాకా! లేదంటే నోరు మూసుకుని నీళ్లు పొయ్యండి. అది మీ సరుకే!"

నీళ్ల డ్రమ్ములు ఎక్కించారు. మోషే కూడా ఎక్కాడు. బండి కదిలింది. మురళీమోహన్ దిగలేదు.

బండి ఆగిన ప్రతి స్టేషన్‌లోనూ ఎవరో ఒకరు బిందెతో నీళ్లు పోశారు. రాయగడ నుంచి మోషే ఫోన్ చేశాడు, ఊపిరుందని. విశాఖ రేవులో క్రేనుతో దించితే అది నీళ్లలో కాసేపు కదలకుండా ఉండి, తర్వాత మునిగి వెళ్లిపోయిందట.

మోషే తిరిగొచ్చాడు. మురళీమోహన్ రాలేదు. రేవు గట్టు మీద నుంచే తన ఓడలన్నిటికీ పది నాట్లు దాటొద్దని మెయిలు పెట్టాడు. సాయంత్రానికల్లా ఆయన కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు. ఇప్పుడాయన ఒక జాలరి పడవెక్కి, రేవుకొచ్చే ఓడలకి ఎదురెళ్లి ఎర్రజెండా ఊపుతుంటాడు. కొన్ని తగ్గుతాయి. కొన్ని తగ్గవు. అవి తగ్గని రోజు ఏది చచ్చిందో ఖాళీ వ్యాగన్లు వచ్చి యార్డుకి చెబుతూనే ఉన్నాయి.

రేచల్‌ని సస్పెండ్ చేశారు. విచారణలో అధికారి మెత్తగానే అడిగాడు: "చేసినదానికి పశ్చాత్తాపం ఉందని చెప్పండమ్మా. తేల్చేద్దాం."

"ఉంది సార్," అంది రేచల్. "మొదటిది వచ్చినరోజు ఎలా చచ్చిందని నేను అడగలేదు. పూడ్చెయ్యమన్నాను. అది రాసుకోండి."