ఒకే ఛానల్

రేడియోతో నడిచే రేసు విమానాలు ఎగరేసేవాళ్లు ఎవరి ఛానల్ వాళ్లు కొనుక్కుంటారు. ఒకే ఛానల్ మీద రెండు రేడియోలు ఆన్ అయ్యాయో, గాలిలో ఉన్న విమానానికి పిచ్చెక్కి నేలను గుద్దుకుంటుంది. ఆ సంగతి తెలిసి తెలిసీ జ్ఞానశేఖర్, బ్రహ్మచారి అనే ఇద్దరు స్నేహితులు కోరి ఒకే ఛానల్ కొనుక్కున్నారు.

"ఒకడు ఎగరేస్తుంటే ఇంకొకడు కూర్చుని చూస్తాం. అంతేగా" అనేవాడు జ్ఞానశేఖర్. ఆయన మెట్టుగూడ బడిలో డ్రాయింగ్ మాస్టారు. విమానాల నమూనాలు ఆయన గీస్తే, బన్సీలాల్‌పేట్‌లో ఫర్నిచర్ షాపు నడిపే బ్రహ్మచారి చెక్క కోసేవాడు. క్లబ్బువాళ్లు మొగుడూపెళ్లాలని ఎగతాళి చేసినా ఇద్దరూ నవ్వేసేవాళ్లు. వాళ్ల ఛానల్‌కు ఉన్నది ఒకటే ఎర్ర క్లిప్పు. అది ఎవరి ఏరియల్‌కు ఉంటే వాళ్లే రేడియో ముట్టుకోవాలి. అదీ నియమం.

ఈసారి మాస్టారు అప్పడమంత పలచటి రెక్క గీశాడు. మలుపులో విరిగి చస్తుందని క్లబ్బంతా తేల్చేసింది. విరగదని చూపించాలని ఆయన పంతం. బ్రహ్మచారి మాత్రం తనకు పాత రెక్కే చాలన్నాడు. రేసు కాప్రా అవతల, చెరువు పక్క మైదానంలో. స్తంభాల చుట్టూ ఒక్కొక్కరే ఎగరేయాలి. అందరికంటే వేగంగా తిప్పినవాణ్ణి, ఒక్కణ్ణే, బెంగుళూరు పోటీకి పంపుతారు.

మాస్టారి విమానం ఈల వేసుకుంటూ తిరిగింది. ప్రతి మలుపులోనూ రెక్క నిలబడింది. ఆఖరి చుట్టులో, తిన్నగా పోతున్నది కాస్తా గిర్రున బోర్లా తిరిగి ముక్కు నేలకు గుచ్చుకుంది.

"నే చెప్పలే సార్, రెక్క ఆగదని" అన్నాడు టైము చూసే రామభద్రరావు.

మాస్టారు పరుగెత్తాడు. ఇంజను తుక్కయింది గానీ రెక్కకు పగులు కూడా లేదు. దాన్ని పట్టుకొచ్చి చూపించేసరికి రామభద్రరావు మొహం మారింది. "అయితే ఎవరో రేడియో ఆన్ చేసుంటరు" అంటూ బ్రహ్మచారి వైపు చూశాడు.

"క్లిప్పు అన్న దగ్గరుంది కద సార్. నేనెట్ల జేస్త?" అన్నాడు బ్రహ్మచారి.

అతని స్కూటర్‌కు వేలాడే సంచిలోంచి రేడియో ఏరియల్ పొడుగ్గా బయటికి వచ్చి ఉంది. ఆన్ చేసేటప్పుడు లాగినదాన్ని కంగారులో లోపలికి నెట్టడం మరిచాడు. అది మాస్టారి కంటపడింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, ఇందుకేనా ఒకే ఛానల్ కొన్నది? అయినా నలుగురిలో ఆ మాట అనడానికి నోరు రాలేదు.

"నా రేడియోలోనే ఏదో తేడా" అన్నాడు. రామభద్రరావు వెళ్లాక మెల్లగా అడిగాడు. "ఎందుకు చేశావు బ్రహ్మం?"

"ఒక్క సెకన్ అన్నా. జెర ఊగుతదనుకున్న, పడిపోతదనుకోలే. ఒక్కసారన్న నేను పోవాలె బెంగుళూరుకు."

"అడిగితే పోటీలోంచి తప్పుకునేవాణ్ణి కదరా."

ఇంతలో బ్రహ్మచారి పేరు పిలిచారు. మాస్టారు తన ఏరియల్‌కున్న క్లిప్పు పీకి అతని చేతిలో పెట్టాడు.

విమానం లేచింది. ఎక్కడ పెట్టాలో తోచక మాస్టారు తన రేడియో ఒళ్లో పెట్టుకుని స్కూటర్ మీద కూర్చున్నాడు. బ్రహ్మచారి వెనక్కి తిరిగి ఆ రేడియో వంక చూశాడు. ఇన్నేళ్లలో ఎన్నడూ అలా చూడలేదు. మరో చుట్టు తిప్పి మళ్లీ చూశాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది వరస. ముట్టుకోవడం లేదు చూడమని మాస్టారు రెండు చేతులూ పైకెత్తాడు. అయినా అతని చూపు మాటిమాటికీ వెనక్కే వచ్చింది. అలా చూస్తూ చూస్తూ మలుపు తప్పాడు. విమానం స్తంభం దాటి చెరువు మీదుగా పోయి నీళ్లలో పడింది.

బ్రహ్మచారి దగ్గరికి వచ్చాడు.

"నువ్వు సుత ఆన్ జేసినవా అన్నా?"

కూలిన విమానానికి రాని కన్నీళ్లు అప్పుడొచ్చాయి మాస్టారికి.