తల్లి నంబరు, బిడ్డ నంబరు

నేను ఒక స్టైల్‌షీట్‌ను అంటే మీకు బట్టో కాగితమో అనిపించవచ్చు. నేను రెండూ కాను. ఎక్స్‌ఎస్‌ఎల్ అనే కంప్యూటర్ భాషలో రాసిన నలభై వరుసల నియమాలను. విజయనగరంలోని ఒక ప్రసూతి ఆసుపత్రి కోసం నూకరాజు అనే కుర్ర ఇంజనీరు నన్ను తయారుచేశాడు.

నా పని చిన్నదే. తల్లీబిడ్డలు ఇంటికి వెళ్లేముందు, పుట్టగానే తల్లి నంబరే వేసి బిడ్డ కాలికి కట్టిన పట్టీకి ఆయా స్కానర్ చూపుతుంది. ఆ నంబరు కంప్యూటర్లో తల్లి వివరాల లోపల చేరుతుంది. దాన్ని తల్లి నంబరుతో పోల్చి, తేడా ఉంటే ఇళ్లకు వెళ్లేవాళ్ల జాబితాలో ఆ వరుస కింద ఎర్ర గీత గీస్తాను.

తేడా ఉంటే గీత వస్తుందా అని మాత్రమే నూకరాజు చూశాడు. వచ్చింది. సంబరపడి వెళ్లిపోయాడు. సమానమైతే ఏమవుతుందో చూడలేదు. పోల్చడానికి తల్లి నంబరని కాకుండా ‘తల్లి’ అని మాత్రమే అతను రాయడంతో నేను ఆమె నంబరు, పేరు, లోపలున్న బిడ్డ నంబరు అన్నీ కలిపి తెచ్చేవాణ్ణి. అంత పొడుగుదానికి ఏ బిడ్డ సరిపోతుంది? అందరి కిందా గీతలే. వారం తిరక్కుండా నర్సులు నన్ను పట్టించుకోవడం మానేశారు.

మూడోవారం నూకరాజు వచ్చి, తల్లి నంబరు గడిని మాత్రమే చూడమని నన్ను దిద్దాడు. ఆ మాట ఆఫీసులో చెప్పాడు. వార్డుకు ఎవరూ చేరవేయలేదు.

మర్నాడే పైడితల్లి బిడ్డతో ఇంటికి బయలుదేరింది. ఆమె నంబరు 417. చేతిలో ఉన్న బిడ్డ పట్టీ 426.

ఆ ఊళ్లో అప్పుడే పుట్టిన బిడ్డకు కొత్తబట్ట వేయరు, పెద్దవాళ్ల పాత చీర ముక్కలోనే చుడతారు. ఆ గుడ్డను బట్టే పిల్లలను ఆయా గుర్తుపట్టేది. ఆ పొద్దున రెండు కుటుంబాల గుడ్డలకూ నీలం అంచే. స్నానాల తర్వాత పిల్లలు మారిపోయారు.

నేను ఎర్ర గీత గీశాను. అంతకు మించి నాకు చేతకాదు.

“ఆటో వచ్చీసింది సిస్టరమ్మా,” అంది పైడితల్లి.

హెడ్‌నర్సు ఎలీశమ్మ ఆ జాబితా కాగితం చూసింది. ఆ గీత రోజూ ఉండేదేనని గొణుక్కుంటూ సంతకానికి కలం ఆనించింది. మొదటి అక్షరం పడింది. పైడితల్లి గుమ్మం దాటింది. అప్పుడు ఎలీశమ్మ కళ్లు పై వరుసల మీదికి పోయాయి. పదకొండు వరుసలు, ఒక్కదాని కిందా గీత లేదు.

“పైడితల్లీ, ఆగు. పిల్ల కాలు చూపించు.”

“ఏటైంది? నా పిల్ల కాదేటి?”

ఎలీశమ్మ పట్టీ మీద 426 చూసింది. పైడితల్లి చేయి పట్టుకుని వార్డులోకి నడిపించింది. కిటికీ పక్క మంచం మీద 426 నంబరు తల్లి గంగాభవాని ఒక బిడ్డకు పాలిస్తోంది. ఎలీశమ్మ ఆ బిడ్డ మీది గుడ్డ తప్పించి కాలు చూసింది. 417.

తన బిడ్డ ఒడిలోకి వచ్చాక కూడా పైడితల్లి రెండో చేత్తో ఆ పరాయి బిడ్డను వెంటనే వదల్లేకపోయింది.

“ఎడంపక్కనెట్టుకుంటేనే తాగుతాది,” అంది గంగాభవానితో. “సూసుకో తల్లీ.”

ఎలీశమ్మ స్కానర్ తెచ్చి ఇద్దరు పిల్లల పట్టీలూ తనే చదివించింది, కాగితం మళ్లీ తీసింది. ఈసారి నేను ఏ గీతా గీయలేదు. అయినా ఆమె సంతకం పెట్టే ముందు ఒక్కో అంకెనూ పైకి చదివింది.